ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్: ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళు ఎంతవరకు చదవాలి?

బీకాం చేసి అకౌంట్స్‌లో ఉన్నవాళ్ళు, సివిల్ ఇంజినీరింగ్ చదివి సైట్లలో తిరుగుతున్నవాళ్ళు, ఇంటర్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు, సాఫ్ట్‌వేర్ మాన్యువల్ టెస్టింగ్‌లో ఇరుక్కుపోయామనుకునేవాళ్ళు డేటా ఉద్యోగాల వైపు మారాలనుకున్నప్పుడు మన దగ్గర రెండు పేర్లు తరచూ వినిపిస్తాయి. ఒకటి అమీర్‌పేట తరహా మూడు నెలల కోర్సు. రెండోది ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డిగ్రీ. అప్పుడు దాన్ని ప్రోగ్రామింగ్ అండ్ డేటా సైన్స్‌లో బీఎస్సీ అనేవారు, ఇప్పుడు డేటా సైన్స్ అండ్ అప్లికేషన్స్‌లో బీఎస్ అంటున్నారు. ఈ సమీక్ష ఆ రెండో దాని గురించి. అదీ ఇంటర్ అయిపోయిన పిల్లల కోసం కాదు, చేతిలో ఇప్పటికే ఒక డిగ్రీ, నెలనెలా కట్టాల్సిన ఈఎంఐ ఉన్నవాళ్ళ కోసం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. చదువు మంచిది, గట్టిది. కానీ డిగ్రీ ఉన్నవాళ్ళు మొత్తం 142 క్రెడిట్లు చదవాల్సిన పని చాలామటుకు ఉండదు. ఫౌండేషన్ 32 క్రెడిట్లు, ఒక డిప్లొమా 27 క్రెడిట్లు, కలిపి 59. ఆ 59 దగ్గర ఆగి, మిగతా సమయాన్ని ఉద్యోగ ప్రయత్నాలకు పెట్టడమే ఎక్కువమందికి సరైన లెక్క.

ఎందుకంటే ఈ కోర్సును మెట్లుమెట్లుగా కట్టారు. ఫౌండేషన్‌లో ఎనిమిది సబ్జెక్టులు, ఒక్కోటి 4 క్రెడిట్లు: మ్యాథ్స్ 1, 2, స్టాటిస్టిక్స్ 1, 2, ఇంగ్లీష్ 1, 2, కంప్యుటేషనల్ థింకింగ్, పైథాన్ ప్రోగ్రామింగ్. దాని పైన రెండు డిప్లొమాలు, ఒకటి ప్రోగ్రామింగ్‌లో, ఒకటి డేటా సైన్స్‌లో. రెండూ పూర్తిచేశాక 114 క్రెడిట్లకు బీఎస్సీ, 142కు బీఎస్. ఏ మెట్టు మీద ఆగినా ఆ మెట్టుకు తగిన సర్టిఫికెట్‌తో బయటికి రావచ్చు. మధ్యలో మానేస్తే కట్టిన డబ్బంతా నీళ్ళపాలయ్యే మామూలు డిగ్రీకీ దీనికీ అసలు తేడా ఇదే. ముప్పై దాటినవాళ్ళకు ఇది చాలా పెద్ద సదుపాయం.

చేరడానికి జేఈఈ అక్కర్లేదు, వయసు పరిమితి లేదు. ఇంటర్ పాసై, పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లీష్ చదివి ఉంటే చాలు. కాబట్టి సీఈసీ, హెచ్‌ఈసీ, బైపీసీ వాళ్ళకూ తలుపు తెరిచే ఉంది. అయితే గుమ్మంలో ఒక పరీక్ష ఉంది, దాన్ని క్వాలిఫయర్ అంటారు. మ్యాథ్స్ 1, స్టాట్స్ 1, కంప్యుటేషనల్ థింకింగ్, ఇంగ్లీష్ 1 సబ్జెక్టుల్లో నాలుగు వారాల పాఠాలు ఇస్తారు, వారంవారం అసైన్‌మెంట్లు ఉంటాయి, తర్వాత కేంద్రానికి వెళ్ళి నాలుగు గంటల పరీక్ష రాయాలి. జనరల్ కేటగిరీ వాళ్ళకు ఒక్కో సబ్జెక్టులో 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ఈ గీత ఇంకా కిందికి ఉంటుంది.

ఈ క్వాలిఫయర్‌ను అడ్డంకిగా చూడకండి. మళ్ళీ చదవగలమా లేదా అని తేల్చుకోవడానికి ఇంతకంటే చవకైన తూకం మరొకటి దొరకదు. నిజానికి అప్లికేషన్ ఫీజు కట్టే ముందే దీన్ని ఇంట్లో చేసి చూసుకోవచ్చు. పాఠాల వీడియోలు యూట్యూబ్‌లో ఉచితంగానే ఉన్నాయి. మ్యాథ్స్ 1, స్టాట్స్ 1 రెండింటిలో మొదటి నాలుగు వారాలు తీసుకోండి. వాళ్ళు చెప్పే అంచనా సబ్జెక్టుకు వారానికి 10 గంటలు. అంటే రెండింటికీ 20 గంటలు: పని రోజుల్లో రోజుకు రెండున్నర, శనాదివారాల్లో కలిపి ఏడున్నర. నాలుగు వారాలూ డైరీలో నిజమైన గంటలు రాయండి. వీడియో చూసిన గంటలు కాదు, కాగితం మీద లెక్క చేసిన గంటలు. అవి వారానికి 12 దాటకపోతే రెండు సబ్జెక్టులతో మొదలుపెట్టకండి, ఒక్కదానితో మొదలుపెట్టండి. ఎనిమిది కూడా దాటకపోతే, ఇంట్లో పరిస్థితి మారేదాకా ఫీజు కట్టొద్దు.

గణితం ఎంత కష్టం అని అందరూ అడుగుతారు. మన ఇంటర్ పుస్తకాలతో పోల్చి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మ్యాథ్స్ 1లో ప్రమేయాలు, సరళరేఖలు, వర్గ సమీకరణాలు, బహుపదులు, సంవర్గమానాలు, చివర్లో గ్రాఫ్ సిద్ధాంతం ఉంటాయి. స్టాట్స్ 1లో ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు, ద్విపద, పాయిజాన్ విభాజనాలు వస్తాయి. పాత సిలబస్‌లో ఎంపీసీ చదివినవాళ్ళకు ఈ స్టాట్స్ అధ్యాయాలు ఇంటర్ 2ఏ పుస్తకంలో చూసినవే. పుస్తకం పాతదైనా అటక మీంచి దించండి, తెలుగు మీడియం అకాడమీ పుస్తకమైతే మరీ మంచిది. అవే అధ్యాయాలు ముందు తెలుగులో చదివి తర్వాత ఇంగ్లీష్ వీడియోకి వెళ్తే సగం భారం తగ్గుతుంది. బైపీసీ, సీఈసీ వాళ్ళు మాత్రం క్వాలిఫయర్‌కు ముందు రెండు నెలలు ఈ అధ్యాయాలకే కేటాయించాలి.

అసలు ఎత్తు మ్యాథ్స్ 2, స్టాట్స్ 2 దగ్గర మొదలవుతుంది. ఇంటర్‌లో మాత్రికలంటే నిర్ధారకం కనుక్కోవడం, విలోమం రాయడం, సమీకరణాలు సాధించడం. ఇక్కడ వెక్టర్ స్పేస్, ఆధారం, రాంక్, లంబ విక్షేపం, గ్రామ్–ష్మిట్, ఆ తర్వాత బహుచలరాశుల కలనగణితం, గ్రేడియెంట్, హెస్సియన్. సూత్రం బట్టీపట్టి గట్టెక్కే అలవాటు ఇక్కడ పనిచేయదు. పరీక్షలో చాలా ప్రశ్నలకు జవాబుగా సంఖ్యను టైపు చేయాలి, లేదా ఒకటి కంటే ఎక్కువ సరైన ఆప్షన్లు ఎంచుకోవాలి. ఆప్షన్లు చూసి వెనక్కి లెక్కించే మన ఎంసెట్ చిట్కాలకు అక్కడ చోటుండదు. స్టాట్స్ 2లో ఉమ్మడి విభాజనాలు, అంచనా వేయడం, పరికల్పన పరీక్షలు ఉంటాయి. ఫౌండేషన్ మొత్తంలో ఎక్కువ సమయం తినేది ఇదే. దీన్ని మ్యాథ్స్ 2తో కలిపి ఒకే టర్మ్‌లో (నాలుగు నెలల విడతలో) తీసుకోవడం ఉద్యోగస్తులు చేసే అతి ఖరీదైన పొరపాటు. ఒక్కోదాని పక్కన ఇంగ్లీష్ 2నో పైథాన్‌నో పెట్టుకోండి.

ఇంత కష్టం దేనికి అంటారా? ఉన్న డేటా నుంచి ఒక విలువను అంచనా వేసే లీనియర్ రిగ్రెషన్‌లో లోపల జరిగేది లంబ విక్షేపమే. వంద కాలమ్‌ల డేటాను పదికి కుదించే పీసీఏ నిలబడేది ఐగెన్ వెక్టర్ల మీద. మూడు నెలల కోర్సులో ఇవి రెండు వరుసల కోడ్‌గా వచ్చి వెళ్ళిపోతాయి. మోడల్ తప్పు జవాబు ఇచ్చినప్పుడు ఎందుకు ఇచ్చిందో చెప్పాలంటే ఆ రెండు వరుసల కింద ఏముందో తెలియాలి. ఇంటర్వ్యూలో తడిమేది కూడా అక్కడే. ఈ ప్రోగ్రామ్ ఆ కింది అంతస్తును ఓపిగ్గా కడుతుంది. మేము దీన్ని సిఫారసు చేసేది ముఖ్యంగా అందుకే.

కంప్యుటేషనల్ థింకింగ్ గురించీ ఒక మంచి మాట చెప్పాలి. కోడ్ రాయించకుండా, మార్కుల కార్డులు, షాపింగ్ బిల్లులు, వాక్యంలోని పదాలు దగ్గర పెట్టుకుని ఒక్కో కార్డూ తిప్పుతూ లెక్క ఎలా నడుస్తుందో చూపిస్తారు. ఎక్సెల్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది. పైథాన్‌కు ముందు ఇది పూర్తిచేస్తే సిలబస్ సగం తెలిసినట్టే అనిపిస్తుంది.

ఇక ఏ డిప్లొమా? డేటా సైన్స్ డిప్లొమాలో మెషిన్ లెర్నింగ్ పునాదులు, పద్ధతులు, అభ్యాసం అని మూడు మెట్లు, వాటితోపాటు బిజినెస్ డేటా మేనేజ్‌మెంట్, బిజినెస్ అనలిటిక్స్, టూల్స్, రెండు ప్రాజెక్టులు ఉంటాయి. ప్రోగ్రామింగ్ డిప్లొమాలో డేటాబేస్, డేటా స్ట్రక్చర్లు, జావా, వెబ్ అప్లికేషన్లు రెండు భాగాలు, వాటి ప్రాజెక్టులు, లినక్స్ కమాండ్లు. ఇక్కడొక చిక్కుంది. అనలిస్ట్ ఉద్యోగానికి మొదటి రోజు నుంచీ కావాల్సింది ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్ నుంచి కావాల్సిన డేటాను అడిగి తెచ్చుకునే భాష. దాన్ని పద్ధతిగా నేర్పే డేటాబేస్ సబ్జెక్టేమో ప్రోగ్రామింగ్ డిప్లొమాలో ఉంది. డేటా సైన్స్ డిప్లొమా ఒక్కటే తీసుకున్నవాళ్ళు ఎస్‌క్యూఎల్‌ను సొంతంగా నేర్చుకోక తప్పదు. డేటాబేస్ పాఠాలూ యూట్యూబ్‌లో ఉన్నాయి కాబట్టి కామర్స్, బ్యాంకింగ్ నుంచి వచ్చేవాళ్ళు డేటా సైన్స్ డిప్లొమా తీసుకుని ఆ వీడియోలు పక్కన పెట్టుకోవడం మేలు. టెస్టింగ్ నుంచి వచ్చేవాళ్ళకు ప్రోగ్రామింగ్ డిప్లొమానే దగ్గరి దారి.

బిజినెస్ డేటా ప్రాజెక్టును తేలిగ్గా తీసుకోవద్దు. ఒక నిజమైన వ్యాపారం నుంచి, కిరాణా కొట్టో మందుల షాపో ఏదైనా సరే, డేటా సేకరించి, సమస్యను గుర్తించి, విశ్లేషించి చూపించాలి. షాపు యజమాని ఒప్పుకోవడానికి, చేతిరాత లెక్కల పుస్తకం నుంచి షీట్‌లోకి ఎక్కించడానికి వారాలు పడతాయి. టర్మ్ మొదలయ్యాక షాపు వెతకడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. కానీ బాగా చేస్తే రెజ్యూమేలో ఇదే అందరికంటే వేరుగా నిలబడే పని. కాగిల్ లాంటి వెబ్‌సైట్‌లో దొరికే రెడీమేడ్ డేటా అందరి దగ్గరా ఉంటుంది. మీ వీధి చివరి మెడికల్ షాపులో ఏ మందు ఎన్ని రోజులు అరల్లో పడి ఉందో మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది.

ఫీజు విషయం. 2020లో మొదలైనప్పుడు ఫౌండేషన్ మొత్తానికి 32,000 రూపాయలు, అంటే సబ్జెక్టుకు 4,000. బీఎస్సీ దాకా మూడు దశలూ (ఫౌండేషన్, డిప్లొమాలు, డిగ్రీ) కలిపి 2,42,000. తర్వాత పై మెట్ల ఫీజులు పెరిగాయి, కాబట్టి చేరే టర్మ్ పట్టిక చూసుకునే లెక్క వేయండి. మంచి విషయం ఏమిటంటే ఏ టర్మ్‌లో తీసుకున్న సబ్జెక్టులకు ఆ టర్మ్‌లోనే కడతారు, ఒకేసారి లక్షలు తేవాల్సిన పని లేదు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు, తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు 75 శాతం దాకా రాయితీ ఉంది. దానికి కులం, ఆదాయం సర్టిఫికెట్లు కావాలి. మీసేవలో ముందే పెట్టుకోండి, గడువు దగ్గర పడ్డాక పరుగెత్తొద్దు. ఫెయిలైన సబ్జెక్టును మళ్ళీ తీసుకుంటే మళ్ళీ ఫీజు. అత్యాశతో నాలుగు సబ్జెక్టులు తీసుకున్నవాళ్ళకు అసలు ఖర్చు పెరిగేది ఇక్కడే.

లోపాలు కూడా ఉన్నాయి. పాఠాలు ఇంట్లోనే అయినా ప్రతి టర్మ్‌లో రెండు క్విజ్‌లు, ఒక ఫైనల్ కేంద్రానికి వెళ్ళి రాయాలి. పరీక్షల నమ్మకం నిలిచేది దానివల్లే, కానీ జిల్లాల్లో చిన్న ఊళ్ళలో ఉన్నవాళ్ళకు ఏడాదికి తొమ్మిది ఆదివారాలు ప్రయాణాలకే పోతాయి. అసైన్‌మెంట్ల సగటు తగ్గితే ఫైనల్‌కే కూర్చోనివ్వరు. ఐఐటీ పేరు చూసి క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఊహించుకునేవాళ్ళు నిరాశపడతారు, బీటెక్ వాళ్ళ ప్లేస్‌మెంట్లు వేరు. రెండు సబ్జెక్టుల చొప్పున నడిస్తే ఫౌండేషన్‌కే నాలుగు టర్మ్‌లు, అంటే 16 నెలలు. డిప్లొమాకు ఇంకో ఏడాది పైన. రెండున్నరేళ్ళ ఓపిక లేనివాళ్ళకు ఇది నప్పదు.

కొందరికి వేరే దారులు మేలు. బీటెక్‌లో గణితం బాగా వచ్చినవాళ్ళు మళ్ళీ బ్యాచిలర్స్ వైపు చూడక్కర్లేదు, 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్–ఏఐ పేపర్ ఉంది, దాని మీదుగా ఎంటెక్‌కు వెళ్ళొచ్చు. ఉద్యోగం మానేసి రెండేళ్ళు పూర్తిగా పెట్టగలిగినవాళ్ళు ఐఐఎం కలకత్తా, ఐఎస్ఐ, ఐఐటీ ఖరగ్‌పూర్ కలిసి నడిపే పీజీడీబీఏ (బిజినెస్ అనలిటిక్స్‌లో పీజీ డిప్లొమా) ప్రవేశ పరీక్ష చూడాలి. బీమా రంగంలో ఉన్నవాళ్ళు యాక్చూరియల్ (బీమా రిస్కు లెక్కల) పరీక్షలు రాయొచ్చు, వాటికి కాలేజీ సీటే అక్కర్లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు జార్జియా టెక్ 2017లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ ఎంఎస్ అనలిటిక్స్ ఉంది, 36 క్రెడిట్లు. అయితే ఆన్‌లైన్ డిగ్రీతో ఎఫ్1 స్టూడెంట్ వీసా గానీ, చదువయ్యాక పనిచేసుకోనిచ్చే ఓపీటీ గానీ రావు, హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుని చేరాలి.

చేరాలని నిశ్చయించుకుంటే టర్మ్ ఎంపిక ఒక్కటి మిగులుతుంది. ఏడాదికి మూడు: జనవరి, మే, సెప్టెంబరు. కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసేవాళ్ళు మొదటి టర్మ్‌గా జనవరి తీసుకోవద్దు, రెండో క్విజ్ చదువు మార్చి క్లోజింగ్‌లో పడుతుంది, ఫైనల్ ఆ వెంటనే వస్తుంది. ఇంటర్ లెక్చరర్లకూ అంతే, పబ్లిక్ పరీక్షలు అప్పుడే. వీళ్ళిద్దరూ మేలో మొదలుపెట్టడం మంచిది. ట్యాక్స్ కన్సల్టెంట్ల దగ్గర పనిచేసేవాళ్ళకు మాత్రం జూలై రిటర్నుల రద్దీ ఉంటుంది కాబట్టి మేలో ఒక్క సబ్జెక్టే, అదీ ఇంగ్లీష్ 1 లాంటిది తీసుకుని, మ్యాథ్స్‌ను తర్వాతి టర్మ్‌కు ఉంచుకోవాలి.