లుట్యెన్స్ సరిచేసిన ఇల్లు, ఎవరూ పెద్దగా పట్టించుకోని కొట్టం: గ్రేట్ డిక్స్‌టర్ యాత్ర

ఎడ్విన్ లుట్యెన్స్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది ఢిల్లీ. రాష్ట్రపతి భవన్, మన నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌస్, ఆ గుమ్మటాలు, ఆ దర్పం. అదే మనిషి ఢిల్లీ పని చేతికి రాకముందు ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి ఇంటి దూలాలు సరిచేసే పనిలో ఉన్నాడు. ఈస్ట్ సస్సెక్స్‌లో నార్తియం ఊరి చివరనున్న ఆ ఇల్లే గ్రేట్ డిక్స్‌టర్. ఇక్కడే పుట్టి పెరిగిన క్రిస్టఫర్ లాయిడ్ పెంచిన తోట కోసం జనం ఎగబడతారు. నేను మాత్రం ఇంటి కోసం, దాని పక్కనున్న ధాన్యం కొట్టం కోసం వెళ్ళాను.

లండన్ సెయింట్ పాంక్రస్‌లో స్పీడు రైలెక్కి యాష్‌ఫర్డ్‌లో మారితే రై అనే ఊరు చేరతాం. అక్కడి నుంచి బస్సో, టాక్సీయో. మ్యాపులో నార్తియం స్టేషన్ కనిపించిందని సంబరపడకండి. అది టెంటర్‌డెన్, బోడియం మధ్య సరదాగా తిరిగే ఆవిరి రైలుది, లండన్ లైనుతో దానికి సంబంధమే లేదు.

ముందు ఇంటి సంగతి. నడిమి హాలు 15వ శతాబ్దం మధ్యలో కట్టింది. అప్పట్లో పొగగొట్టం లేదు, హాలు మధ్యలో నెగడు వేస్తే పొగ కప్పులోంచి దారి వెతుక్కునేది. తర్వాతి తరాలవాళ్ళు అంత ఎత్తు వృథా అనుకుని అడ్డంగా అంతస్తులు వేసి గదులు చేసుకున్నారు. 1910లో క్రిస్టఫర్ తండ్రి నథానియల్ లాయిడ్ దీన్ని కొని లుట్యెన్స్‌ను పిలిచాడు. ఇద్దరూ కలిసి ఆ అంతస్తులన్నీ ఊడబీకి హాలును మళ్ళీ కప్పు దాకా తెరిచారు. అయినా కుటుంబానికి ఇల్లు చాలలేదు. కెంట్‌లోని బెనెండెన్‌లో పాడుబడిన 16వ శతాబ్దపు ఇంకో ఇంటిని 75 పౌండ్లకు కొని, ప్రతి కర్రకూ నంబరు వేసి విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఈ రెంటికీ మధ్య లుట్యెన్స్ ఇటుక, పెంకులతో కొత్త భాగం కట్టాడు. దానికి నల్ల కర్రలు అంటించి పాతదిలా వేషం వేయించలేదు, అది నాకు బాగా నచ్చింది. 1912 నాటికి లాయిడ్‌లు కాపురానికి వచ్చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో హాలు కొన్నాళ్ళు గాయపడ్డ సైనికులకు ఆసుపత్రి అయింది.

ముందు వసారా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, ఫొటోలో కెమెరా వంకర అనుకుంటారు. లోపల తల పైకెత్తితే ఓక్ దూలాలు, వాసాలు ఒకదాన్నొకటి మోస్తున్న తీరు చూసి మెడ పట్టేసేదాకా నిలబడిపోయాను. కానీ ఒక ముల్లు మనసులో ఉండిపోయింది. 15వ శతాబ్దపు హాలు మనకు కనబడాలని ఆ తర్వాతి వందల ఏళ్ళ కాపురాన్ని పీకి పారేశారు కదా! అందం తిరిగొచ్చింది, చరిత్రలో ఒక ముక్క పోయింది.

అందుకే నా ఓటు కొట్టానికి. మధ్యయుగాల నాటి ఆ ఓక్ చట్రం మీద పెద్ద పెంకుటి కప్పు. ఇంగ్లండ్ వానలకు ఆరుబయట కళ్ళం కుదరదు. అందుకే ఇలాంటి కొట్టాల్లో ఎదురెదురుగా పెద్ద తలుపులు పెట్టి, మధ్యలో నూర్చి, ఆ గాలికే తూర్పార పట్టేవారు. డిక్స్‌టర్ కొట్టాన్ని ఆనుకునే మూడు హాప్స్ బట్టీలున్నాయి. బీరులో చేదు కోసం వేసే హాప్స్ పూలను పై అంతస్తు తడకల మీద పరిచి, కింద నిప్పు పెట్టి ఆరబెట్టేవారు. బట్టీ కొసన ఉండే తెల్లటి చెక్క టోపీ గాలివాటుకు తిరిగి ఆవిరిని బయటికి లాగేది. హాప్స్ పోయినా కొట్టానికి పని పోలేదు. ఎస్టేటు అడవిలో కొట్టిన చెస్ట్‌నట్ కర్రతో దడులు, నిచ్చెనలు ఇక్కడే చేస్తారు. వాడుతున్న చోటు కాబట్టి మ్యూజియం వాసన లేదు, చెక్క పొట్టు వాసనే.

తోటలో పాత పశువుల దొడ్డిలో లుట్యెన్స్ వేసిన గులాబీ తోటను 1990లలో క్రిస్టఫర్ తీసేసి, అరటి, మెట్టతామర నాటాడు. మనకు పెరట్లో దొరికేవాటిని ఇక్కడ టికెట్టు కొని చూడటం తమాషాగా ఉంది. చలికాలంలో ఆ అరటికి ఆకులతో దుప్పటి కప్పుతారట.

బస రై ఊళ్ళో చేశాను. మెర్మెయిడ్ స్ట్రీట్ గుండ్రాళ్ళ మీద చక్రాల పెట్టె లాగడం నరకం, బ్యాక్‌ప్యాక్ మేలు. నేను దిగిన పాత ఇంటి గదిలో నేల ఎంత వాలుగా ఉందంటే మంచం కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టారు. మెట్లు నిటారు, వేడినీళ్ళు పది నిమిషాలు. ఆ డబ్బుకు యాష్‌ఫర్డ్‌లో మామూలు హోటల్ దొరుకుతుంది, పెద్దవాళ్ళతో వెళ్తే అదే నయం. డిక్స్‌టర్‌లో తిండి తేలికపాటిదే, శాకాహారులు పులిహోర డబ్బా పెట్టుకోవడం మంచిది.

సోమవారాలు మామూలుగా మూత, చలికాలమంతా ఇల్లు చూడలేం. తోట పొద్దున తెరిచినా ఇంట్లోకి మధ్యాహ్నమే. పక్కనే ఉన్న 14వ శతాబ్దపు బోడియం కోటకు నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాలను కాపాడే సంస్థ) సభ్యత్వ కార్డు పనికొస్తుంది, డిక్స్‌టర్ విడి ట్రస్టు కాబట్టి ఇక్కడ చెల్లదు. పిల్లలుంటే పొద్దున కోట, మధ్యాహ్నం ఇల్లు పెట్టుకోండి, కందకం చూశాక వాళ్ళు కాస్త కుదురుగా ఉంటారు. తిరుగు బస్సు టైము మాత్రం దిగగానే డ్రైవర్ని అడగండి.