జమీలా, కాన్‌స్టంటైనా?

హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు అందించిన కోచ్ మనోలో మార్కెజ్ భారత ఫుట్‌బాల్ జట్టును మాత్రం నిలబెట్టలేకపోయారు. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1తో ఓడాక ఆయన తప్పుకున్నారు. తర్వాత కోచ్ ఎవరన్న చర్చలో బాగా వినిపించిన పేర్లలో రెండు ఖాలిద్ జమీల్, స్టీఫెన్ కాన్‌స్టంటైన్.

కాన్‌స్టంటైన్‌ది తెలిసిన ముఖమే. 2015లో రెండోసారి భారత కోచ్‌గా వచ్చి, ఫిఫా జాబితాలో 173వ ర్యాంకుకు పడిన జట్టును 96కు చేర్చారు, 2019 ఆసియా కప్పులో ఆడించారు. అయితే ర్యాంకు పెరిగినంతగా ఆట పెరగలేదని నా అభిప్రాయం. బంతిని పొడవుగా కొట్టి స్ట్రైకర్ సునీల్ ఛెత్రీ మీద భారం వేసే పద్ధతి అది. ఈసారి ఛెత్రీకి నలభై దాటాయి!

జమీల్ ఆట కూడా కళ్లు చెదిరేదేమీ కాదు, ముందు గోల్ కాచుకోవడమే. కానీ చేతిలో ఉన్నవారితో పని నడిపించడం ఆయనకు వచ్చు. అంతకు ముందు సీజన్లో దిగువ శ్రేణికి పడిపోయి, మళ్లీ చోటు దక్కించుకున్న మిజోరం క్లబ్ ఐజ్వాల్‌ను 2016-17లో జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్‌లో విజేతగా నిలిపారు. జంషెడ్‌పూర్‌ను ఐఎస్‌ఎల్ సెమీస్‌కు తీసుకెళ్లారు. లోటల్లా అంతర్జాతీయ అనుభవమే.

అనుభవం పని చేస్తూ వస్తుంది, కుర్రాళ్లను ఎరిగి ఉండటం అలా రాదు. నా ఓటు జమీల్‌కే. ఆగస్టులో భారత ఫుట్‌బాల్ సమాఖ్య కూడా ఆయననే ఎంచుకుంది.