కోనసీమలో బసలు, వాటి వైఫైలు

రాజమండ్రి స్టేషన్లో ఉచిత వైఫై బాగానే పనిచేసింది. అది రైల్‌టెల్ వాళ్ల రైల్‌వైర్. ఫోన్ నంబరు ఇచ్చి ఓటీపీ కొడితే కనెక్ట్ అవుతుంది. దారులూ గుడి వేళలూ చూసుకోవడానికి చాలు. అయితే పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ కాబట్టి డబ్బు పనులు అక్కడ పెట్టుకోలేదు. వాటికి నా సిమ్ డేటానే.

ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు కొన్నాం. నా ఫోన్లో సిగ్నల్ లేక చెల్లింపు తిరుగుతూనే ఉంది. కొట్టాయన "మా వైఫై కలుపుకోండి బాబూ" అన్నాడు, పాపం మంచి మనసుతోనే. జేబులో నోట్లున్నాయి, ఇచ్చేశాను. గోదావరి లంకల వైపు వెళ్లేటప్పుడు చిల్లరతో సహా కాస్త నగదు ఉంచుకోండి.

అమలాపురంలో దిగిన లాడ్జి శుభ్రంగా ఉంది, అద్దె కూడా అందుబాటే. వైఫై పాస్‌వర్డ్ మాత్రం కౌంటర్ వెనక గోడకి అంటించి ఉంది, అదీ లాడ్జి ఫోన్ నంబరే! ఊరంతటికీ తెలిసిన పాస్‌వర్డ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇంకో సంగతి. గదిలో టీవీ పెడితే అంతకుముందు దిగినవాళ్ల యూట్యూబ్ ఖాతా అలాగే తెరిచి ఉంది, వాళ్ల పిల్లలు చూసిన కార్టూన్లతో సహా. లాగౌట్ చేసి కౌంటర్లో చెప్పాను. వైఫై గురించి అంత భయపడే మనం ఈ టీవీల సంగతి పట్టించుకోం.

దిండి రిసార్టులో గోదావరి కిటికీలోంచే కనిపిస్తుంది. భోజనం మామూలు, రేటు ఎక్కువ. ఫోన్లో రిసార్టు పేరుతో రెండు నెట్‌వర్కులు కనిపించాయి, ఒకదానికి పాస్‌వర్డే లేదు. రిసెప్షన్ కుర్రాణ్ణి అడిగితే, "ఆయ్, పాస్‌వర్డ్ ఉన్నదే మాదండి. రెండోది ఎవరిదో తెలీదండి" అన్నాడు. అది ఎవరిదైనా కావచ్చు. హాట్‌స్పాట్‌కి ఏ పేరైనా పెట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. ఇంతకుముందు కలుపుకున్న నెట్‌వర్క్ పేరు కనబడితే మన ఫోన్ దానంతటదే కలిసిపోవచ్చు కూడా. అందుకే ఆటో కనెక్ట్ ఆపేసి, గది ఖాళీ చేసేటప్పుడు ఆ నెట్‌వర్క్‌ను ఫోన్లోంచి తీసేస్తాను.

బ్యాంకు యాప్‌లు, పేరున్న సైట్లు ఇప్పుడు సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే పంపుతాయి కాబట్టి మధ్యలో ఎవడో అంతా చదివేస్తాడన్న టెన్షన్ అంతగా అక్కర్లేదు. అసలు గండం దొంగ లాగిన్ పేజీలతో. అడ్రసు పక్కన తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సైటు అసలుదని కాదు. దొంగ సైటుకీ తాళం ఉంటుంది, మన పాస్‌వర్డ్‌ను భద్రంగా వాడికే చేరుస్తుంది. వైఫై కలవాలంటే జీమెయిల్ పాస్‌వర్డ్ కొట్టమని గానీ, ఏదో యాప్ వేసుకోమని గానీ అడిగితే అక్కడే ఆపేయండి. మన నెట్‌ను తమ సర్వర్ల గుండా పంపే వీపీఎన్ యాప్‌లలో ఊరూపేరూ లేని ఉచితవి నేను వాడను, మన నెట్ రాకపోకలన్నీ అవి నడిపేవాడి చేతిలో పెట్టినట్టే.

అంతర్వేదిలో మామూలు రోజుల్లో సిగ్నల్ బాగానే ఉంది. భీష్మ ఏకాదశి రథోత్సవానికి వెళ్లేవాళ్లు మాత్రం టికెట్లు, బుకింగ్ రసీదులు ముందే ఫోన్లో దించుకోండి, అంత జనంలో నెట్ అందడం కష్టం. తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి దగ్గర పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం చేరి రైలు పట్టుకున్నాం. ఎక్కడైనా ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందని తెలిస్తే ఊరు చేరేదాకా ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మళ్లీ వెళితే అమలాపురం లాడ్జిలోనే దిగుతాను, నా హాట్‌స్పాట్ నేను పట్టుకెళ్లి.