కలుపు తీయడానికి వంగాలా, కూర్చోవాలా, నిలబడాలా?

విజయనగరంలో మా పెరడు రెండు సెంట్లు. బెండ, వంగ, గోంగూర, గోడవారన ఆనప పాదు. పోయిన శ్రావణంలో పొద్దున్నే లేచి, గంటసేపు వంగి బొరిగతో కలుపు తీశాను. లేవబోతే నడుం పట్టేసింది. నాలుగు రోజులు మంచం దిగలేకపోయాను.

కాళ్లు నిటారుగా ఉంచి నడుం దగ్గర వంగడమే అన్నిటికన్నా చెడ్డది. నిలబడినప్పటికంటే అలా వంగినప్పుడు నడుం డిస్కుల మీద, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల మీద, ఒత్తిడి బాగా పెరుగుతుంది. పైగా రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి కాబట్టి లేచిన మొదటి గంటలో వంగితే వాటికి మరీ కష్టం. నేను చేసిన తప్పు అదే. ఇప్పుడు లేవగానే పైపుతో నీళ్లు పెట్టి, కాఫీ తాగి, ఆ తర్వాతే కలుపు జోలికి వెళ్తున్నాను.

మా అత్తగారు జానెడు ఎత్తు పీట వేసుకుంటారు. "చెయ్యి చాపకమ్మా, పీట జరుపుకో" అంటారు. ఆవిడ మూరెడు మేర తీయగానే పీట ముందుకు జరుపుతారు, పక్కకు మెలితిరగరు. కిటుకంతా అందులోనే ఉంది. నారు నాటడానికీ, మొక్క మొదట్లో కలుపు తీయడానికీ పీటను మించింది లేదు. మోకాళ్లు బాగోలేనివాళ్లకు మాత్రం లేవడం కష్టం.

నేనైతే సాళ్ల మధ్య, నేలను గీరుతూ కలుపు కోసే దోకుడుపారే వాడుతున్నాను. దాని కర్ర పొట్టిగా ఉంటే తీసేసి, గుండెల దాకా వచ్చే వెదురు కర్ర బిగించాను. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, ఒంటి బరువుతో లాగాలి, నడుంతో కాదు. మా ఎర్రనేల ఎండితే పార ఎగిరిపడుతుంది, అందుకే వాన పడ్డ మర్నాడు దిగుతాను. తుంగ దగ్గర మాత్రం ఇది ఓడిపోతుంది. పైన తెగుతుందే కానీ గడ్డ లోపలే ఉండిపోయి, కొద్దిరోజులకే మళ్లీ మొలుస్తుంది. దానికి పీట మీద కూర్చుని గడ్డతో సహా పెకలించాల్సిందే.

ఏ పద్ధతైనా ఇరవై నిమిషాలకోసారి ఆపి, నాలుగడుగులు నడవండి. నొప్పి కాలిలోకి లాగినా, తిమ్మిరెక్కినా డాక్టరుకు చూపించండి.

రెండిట్లో ఒక్కటే కొనగలిగితే పొడుగు కర్ర పారే కొనండి. కొట్లోనే నిలబడి పట్టుకుని చూడండి, వీపు వంచకుండా పార అంచు నేలకు తగలాలి.