ఆపిల్ పై మూన్‌షైన్‌కు తెచ్చిన దాల్చిన చెక్క, 5కి 3 స్టార్లు

మా బామ్మర్ది అమెరికా నుంచి వచ్చినప్పుడు ఆపిల్ పై మూన్‌షైన్ అని, ఆపిల్ పై అనే స్వీట్ రుచి ఉండే మందు ఒక సీసా తెచ్చిండు, అది అయిపోయినంక మనమే చేద్దామని నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక కిరాణంల దాల్చిన చెక్క 50 గ్రాములు తెచ్చిన. మూన్‌షైన్ అంటే సారా కాచుడు అనుకునేరు, అది ఇంట్ల కాస్తే కేసు అయితది, నేను వైన్స్‌ల కొన్న వోడ్కానే కలిపిన.

లీటర్ ఆపిల్ జ్యూస్, నాలుగు చెక్క ముక్కలు, రెండు లవంగాలు, బ్రౌన్ షుగర్‌కు బదులు బెల్లం ఏసి సన్న మంట మీద 20 నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లారినంకనే 750 ఎంఎల్ వోడ్కా పోసిన. వేడి మీద పోస్తే ఆవిరికి మంట అంటుకుంటది, జర పైలం.

ఇగ చెక్క సంగతి. సిలోన్ది, అంటే శ్రీలంక రకం, అని అమ్మిండ్రు గానీ ఇంటికొచ్చి చూస్తే మందంగ, గట్టిగ, ఒకటే పొర. అసలు సిలోన్ది పల్చటి పొరలు చుట్ట లెక్క ఉంటది, చేత్తో నలిపితే పొడి అయితది, ఇది రోట్లేసి దంచినా పలగలే, కాసియా అనే వేరే రకం చెక్క అన్నట్టు. ఘాటు మస్తు, మూడో రోజుకే చెక్క తీసెయ్యాల్సొచ్చింది లేకపోతే చేదు ఎక్కుతుండె.

రుచికి స్టార్లు కోసేది లేదు, వాసన అదిరింది, అబద్ధం చెప్పి అమ్మినందుకే రెండు కోసిన. రెండు వారాలు ఫ్రిజ్‌ల పెడితే ఇంకా మంచిగైంది. తియ్యగ ఉందని గ్లాసులకు గ్లాసులు తాగకుండ్రి, లెక్కేస్తే ఆల్కహాల్ 18 శాతం దాక వస్తది, కల్లు లెక్క కాదు.