సెల్యులోజ్ పూసలా, ఆల్జినేట్ పూసలా?

నెల్లూరులో డిగ్రీ పిల్లల చేత ఎంజైమ్‌ను కదలకుండా బంధించే ప్రయోగం చేయించాలంటే ముందు గుర్తొచ్చేది సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేటే. సోడియం ఆల్జినేట్‌లో ఎంజైమ్ కలిపి, కాల్షియం క్లోరైడ్ నీళ్లలో చుక్కలుగా వదిలితే సగ్గుబియ్యంలాంటి పూసలు రెడీ. చవక కూడా.

చిక్కంతా ఆ తర్వాతే. మొలగొలుకుల గంజిలోని పిండిపదార్థాన్ని అమైలేజ్‌తో చక్కెరలుగా మార్చాలనుకోండి. పిండి అణువు పెద్దది, జెల్‌లోకి సులువుగా దూరదు. ఎంజైమేమో మెల్లగా బయటికి జారిపోతుంది. ఫాస్ఫేట్ బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం) వాడామా, అది పూసను పట్టి ఉంచే కాల్షియాన్ని లాగేసుకుంటుంది. ఒకసారి మా బీకరులో చివరికి మిగిలింది జిగురే!

దీనికి బదులు సెల్యులోజ్, అంటే మొక్కల పీచు పదార్థం, తీసుకుంటే దాన్ని కరిగించి మళ్లీ పూసలుగా గడ్డకట్టించేటప్పుడే రంధ్రాల సైజు మార్చుకోవచ్చు. పెర్‌అయొడేట్ అనే రసాయనంతో ఆక్సీకరణం చేస్తే ఆల్డిహైడ్ సమూహాలు వస్తాయి. అవి ఎంజైమ్‌లోని అమైనో సమూహాలను పట్టుకుంటాయి, ఊరికే అంటించినదానికన్నా గట్టిగా. అయితే ఆ పట్టు క్రియాశీల స్థానం (ఎంజైమ్ పనిచేసే చోటు) దగ్గర పడితే పనితనం తగ్గుతుంది.

పాలలోని చక్కెర లాక్టోజ్ లాంటి చిన్న అణువుకు ఆల్జినేట్ చాలు. గంజికైతే నా ఓటు సెల్యులోజ్‌కే. పత్తిలో దాదాపు 90 శాతం అదే, ప్రకాశం జిల్లాలో పత్తి పండుతుంది కూడా. కరిగించడమే తలనొప్పి, మామూలు నీళ్లకు లొంగదు.