ముంబా మాస్టర్స్: ఊరు వాళ్లది, రెండు బోర్డులు మనవి

ముందే చెప్పేస్తున్నా, నాది ముంబయి కాదు. ఎప్పుడో దాదర్‌లో రైలు మారడం తప్ప ఆ ఊరితో నాకు సంబంధమే లేదు. అయినా గ్లోబల్ చెస్ లీగ్ మొదలైన రోజు నుంచి నేను పట్టుకున్న జట్టు అప్‌గ్రాడ్ ముంబా మాస్టర్స్. ఎందుకంటే ఆరు బోర్డుల్లో రెండు మనవాళ్లవి. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక. ఒకరిది గుడివాడ, ఒకరిది గుంటూరు, కృష్ణకి అటొకరు ఇటొకరు. ఇద్దరూ ఒకే జట్టులో ఉంటే ఇంకో జట్టు వెతుక్కోవాల్సిన ఖర్మ మనకెందుకు?

లీగ్ గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. టెక్ మహీంద్రా, అంతర్జాతీయ చదరంగ సంఘం ఫిడే కలిసి పెట్టిన పోటీ ఇది. మొదటి సీజన్ 2023 జూన్‌లో దుబాయ్‌లో జరిగింది. ఆరు జట్లు, జట్టుకి ఆరుగురు: ఒక పెద్ద స్టారు, ఇంకో ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక కుర్రాడు. జట్ల పేర్లు చూస్తే కాంటినెంటల్ కింగ్స్ అట, ఏ ఖండమో చెప్పరు, అలాస్కన్ నైట్స్ అట, అలాస్కాలో ఎవరు చూస్తారో తెలీదు. ఉన్నవాటిలో ఒక ఊరి వాసన ఉన్నది ముంబాకే. ముంబాదేవి పేరు మీదే కదా ముంబయి. కబడ్డీలో యు ముంబా నడిపేవాళ్లే దీని ఓనర్లు, అందుకని పేరు చెవికి కొత్తగా కూడా అనిపించదు.

నన్ను కట్టిపడేసింది మాత్రం పాయింట్ల లెక్క. జట్టులో ఆరుగురూ ఒకే రంగు పావులతో ఆడతారు. తెల్లపావులతో గెలిస్తే 3, నల్లపావులతో గెలిస్తే 4, డ్రా అయితే చెరొకటి. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది కానీ ఒకసారి లెక్క వేసి చూడండి. రెండు జట్లూ చెరో బోర్డు గెలిచి మిగతా నాలుగూ డ్రా అయ్యాయనుకోండి, నల్లవాళ్లకి 8, తెల్లవాళ్లకి 7, మ్యాచ్ నల్లవాళ్లదే. ఇంకా బాగా చెప్పాలంటే, హారిక నల్లపావులతో గెలిస్తే వచ్చే 4 పాయింట్లు, మాజీ ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్ తెల్లపావులతో గెలిస్తే వచ్చే 3 కంటే ఎక్కువ. మామూలు టోర్నమెంట్లలో ఆడవాళ్ల బోర్డులు ఎక్కడో పక్క హాల్లో ఉంటాయి, ఇక్కడ వాళ్ల ఆట తేలేదాకా ఎవరూ ఊపిరి పీల్చుకోరు. ఈ ఒక్క విషయానికే లీగ్‌కి ఒక స్టార్ ఎక్కువ ఇస్తా.

ఇక ఆ మొదటి సీజన్. కార్ల్‌సన్, గుకేశ్, ప్రజ్ఞానంద, మన వరంగల్ అర్జున్ ఎరిగైసి, వీళ్లంతా ఒకే జట్టులో ఉన్నారు. అయినా ఫైనల్‌కి వెళ్లలేదు. వెళ్లింది మనం! వాషియే-లాగ్రావ్, గ్రిష్చుక్, విదిత్, హంపి, హారిక, ఉజ్బెక్ కుర్రాడు సిందరోవ్. ఎదురుగా అరోనియన్ ఉన్న త్రివేణి కాంటినెంటల్ కింగ్స్.

జూలై 2, ఆదివారం. నేను గుంటూరులో పెదనాన్న వాళ్లింట్లో ఉన్నా. ఫోన్‌ని కొత్తావకాయ జాడీకి ఆనించి పెట్టాం. ర్యాపిడ్‌లో (తక్కువ టైము ఆట) చెరో మ్యాచ్, బ్లిట్జ్‌లో (ఇంకా తక్కువ టైము) కూడా తేలలేదు. పెదనాన్న పాతకాలం ఆటగాడు, గడియారం లేకుండా సాయంత్రమంతా ఒకే ఆట ఆడే రకం, ఆయనకి ఈ హడావిడి అస్సలు నచ్చదు. "ఏరా, ఇంతసేపు కొట్టుకున్నా తేలలేదా?" అంటూనే కుర్చీ మాత్రం దగ్గరికి లాక్కున్నాడు. చివరికి సడన్ డెత్. ఎవరు ముందు ఒక ఆట గెలిస్తే కప్పు వాళ్లది. ఆఖరికి భారమంతా ఇద్దరు కుర్రాళ్ల నెత్తిన పడింది, మన సిందరోవ్, వాళ్ల డెన్మార్క్ పిల్లాడు జోనస్ బ్యెరె. ఇద్దరికీ ఇరవై నిండలేదు. బ్యెరె గెలిచాడు. ఫోన్ పక్కన పెట్టేసి నేను అన్నం కలుపుకుంటుంటే పెదనాన్న ఒకటే మాట, "ఆ కుర్రాడికి కాసిని మంచినీళ్లు ఇచ్చేవాళ్లున్నారో లేదో."

2024 అక్టోబర్‌లో రెండో సీజన్ లండన్‌లో పెట్టారు. సిందరోవ్ ఈసారి ఎక్కడున్నాడంటే, త్రివేణిలో! తనని ఓడించిన జట్టులోనే. పెదనాన్న నవ్వాపుకోలేదు. త్రివేణి మళ్లీ కప్పు కొట్టింది కూడా. ఇక్కడే నా అసలు కంప్లైంట్. ఏడాదికోసారి జట్లని కలిపి కొడుతుంటే అభిమాని దేన్ని పట్టుకుని వేలాడాలి? (సిందరోవ్ 2025లో గోవాలో వరల్డ్ కప్ గెలిచాడు, అదీ ఫైనల్లో వెయ్ యీ మీద, త్రివేణిలో పక్క బోర్డు మీద ఆడినవాడి మీదే. కుర్రాడికి ఇప్పుడు మంచినీళ్లకి లోటుండదులెండి.) ముంబాలో మాత్రం వాషియే-లాగ్రావ్, హంపి, హారిక కదల్లేదు. నేను మారకపోవడానికి కారణం అదే, లేకపోతే నేనూ అర్జున్ ఎటు వెళ్తే అటు పోయేవాణ్ణి.

లండన్‌లో ఇంకో మార్పు, ఆటకి ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, ఎత్తుకి కలిసే సెకన్లు లేవు. చూసేవాడికి సినిమా, ఆడేవాడికి నరకం. గెలిచే ఎండ్‌గేమ్ (ఆట ఆఖరి ఘట్టం) చేతిలో ఉండి కూడా గడియారం మీద చెయ్యి వేసేలోపే టైము అయిపోతుంది. నాకు టెన్షన్ నచ్చుతుంది కానీ ఇది మరీ పావులు ఎగిరిపోయే టెన్షన్.

ఊరి పేరు పెట్టుకుని ఆ ఊళ్లో ఆడటానికి ఈ జట్టుకి మూడో సీజన్ దాకా పట్టింది. 2025 డిసెంబర్‌లో ముంబయి రాయల్ ఒపేరా హౌస్‌లో ఆడారు. 1911లో ప్రారంభమైన థియేటర్, ఏళ్లతరబడి మూతపడి, బాగు చేశాక 2016లో మళ్లీ తెరిచారు. బాల్కనీలూ దీపాలూ చూస్తే చదరంగం కోసమే కట్టారేమో అనిపిస్తుంది. సొంతూళ్లో కూడా కప్పు రాలేదు, అది వేరే సంగతి. హోటల్ హాల్లో ఆడే ఆటకీ దీనికీ పోలికే లేదు. హైదరాబాద్‌కి ఒక జట్టు ఎందుకు లేదో మాత్రం నాకు అర్థం కాదు, ఇంతమంది గ్రాండ్‌మాస్టర్లని పెట్టుకుని.

చూడొచ్చా అంటే, చూడండి. అయిదుకి నాలుగు. ఆరు బోర్డులు ఒకేసారి నడుస్తుంటే మొదట కళ్లు తిరుగుతాయి, ఒక బోర్డు పట్టుకుని దాన్నే చూడండి, నేను హారిక బోర్డు చూస్తా. మొదలుపెట్టడానికి 2023 ఫైనల్ మంచిది, ఎవరు గెలిచారో నేను చెప్పేశానుకోండి, అయినా పర్లేదు.

ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతుంటే గుర్రం బొమ్మ టీషర్టు ఒకటి ముంబా కోసమని కొన్నా, అది మాత్రం కొనకండి. రెండో ఉతుక్కి గుర్రానికి తోక పోయింది. పెదనాన్న ఇప్పుడు దాన్ని వేసుకునే పార్కులో చదరంగానికి వెళ్తున్నాడు.